గట్టు అవతల 36, ఇవతల 24: బస్తాల లెక్క ఎక్కడ తేడా కొడుతుంది?

తెనాలి దగ్గరి ఒక తమ్ముడి ప్రశ్న క్లుప్తంగా ఇది. మూడెకరాలు కౌలుకి చేస్తున్నారు. సార్వాకి, అంటే వానాకాలం పంటకి, బీపీటీ 5204 రకం వరి వేశారు. జూలై 1న నారు పోశారు. అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను గాలికి చేను పడిపోయింది. నవంబరు 27న చైను చక్రాల కోత మిషన్‌తో కోయించి, తొమ్మిది రోజులు ఎండబెట్టి, తేమ 16 శాతానికి దిగాక కాటా వేయించారు. బస్తాకి 77 కిలోలు లెక్కగట్టి తీసుకున్నారు, ఎకరాకి 24 బస్తాలు తేలింది. గట్టు అవతల ఆయన బావగారిది సొంత పొలం. అదే రకం, అదే కాలవ నీళ్లు. జూలై 10న నారు పోసి, డిసెంబరు మొదటి వారంలో కోసి, మిషన్ దగ్గరే పచ్చి ధాన్యం అమ్మేశారు. తేమ 25 చూపించిందట, ఎకరాకి 36 బస్తాలట. ఊళ్లో ఇంకొకాయన ఎంటీయూ 1318 అనే ఇంకో వరి రకం వేసి 42 బస్తాలు పండించానని చెబుతున్నాడు. "నేను ఎక్కడ తప్పు చేశాను? వచ్చే ఏడు రకం మార్చాలా?" అని అడిగారు.

తమ్ముడూ, తప్పు గురించి తర్వాత చూద్దాం. మీరు పక్కపక్కన పెట్టి చూసుకుంటున్న 24, 36 రెండూ ఒక జాతి అంకెలు కావు. మీ 24 ఎండిన ధాన్యం, తరుగు (కొనేవాడు బస్తాకి అదనంగా పట్టుకునే కిలోలు) పోయిన ధాన్యం. బావగారి 36 పచ్చి ధాన్యం. మంచి ఏడాదిలో ఈ తేడా ఎవరికీ పట్టదు, అందరూ ఇంచుమించు ఒకలాగే కోసి ఒకలాగే అమ్ముతారు. తుఫాను ఏడాదిలో ఒకడు భయపడి పచ్చిది తోలేస్తాడు, ఒకడు రోడ్డు మీద ఎండబెడతాడు, ఇంకొకడు వారం ఆగి కోస్తాడు. సాయంత్రం టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరి నోటా ఒకటే మాట, "ఎకరాకి ఎన్నయ్యాయిరా?"

ముందు తేమ సంగతి. ప్రభుత్వ కొనుగోలుకి 17 శాతం తేమ కొలబద్ద కాబట్టి ఇద్దరి ధాన్యాన్నీ 17కి తెద్దాం. పద్ధతి చిన్నదే: నూటిలోంచి ధాన్యం తేమ తీసేసి, వచ్చినదాన్ని 83తో భాగించి, దాంతో బస్తాలను హెచ్చవేయాలి. బావగారి తేమ 25, అంటే 75ని 83తో భాగించి 36తో గుణిస్తే 32.5 వస్తుంది. మూడున్నర బస్తాలు ఒట్టి నీళ్లన్నమాట. నోటి లెక్క కావాలంటే, 36 బస్తాల దగ్గర తేమ ఒక్క పాయింటు పెరిగితే అర బస్తాకి కొంచెం తక్కువ నీళ్లని గుర్తు పెట్టుకోండి చాలు.

ఇప్పుడు మీ 24. బస్తా అంటే 75 కిలోలని మన లెక్క. మీ దగ్గర 77 చొప్పున తీసుకున్నారు కాబట్టి మీ చేలో పండింది 24 కాదు, 24.6. మీది 17 కన్నా ఒక పాయింటు ఎక్కువే ఎండింది కదా, దాన్ని 17కి తెస్తే ఇంచుమించు 25. ఆ రెండు కిలోలు న్యాయమా అన్యాయమా అనేది వేరే గొడవ. దిగుబడి లెక్కలో మాత్రం అది మీ చేను పంటే. తరుగు మిమ్మల్ని నష్టపరిచింది గానీ మీ సేద్యాన్ని తక్కువ చేయలేదు.

మూడోది ఎకరం. కౌలు కాయితం మీద ఎకరమే ఉంటుంది, అందులో బోదె, గట్టు, నారుమడి మూల, ట్రాక్టరు దిగే దారి అన్నీ కలిసి ఉంటాయి. మీ చేను ఒక పక్క మురుగుబోదె ఉందని, నాట్లు పడింది ఎకరాకి 94 సెంట్లేనని మీరే రాశారు. పాతికని 0.94తో భాగించండి, ఇంచుమించు 26.5 వస్తుంది. బావగారి పొలం ఎకరానికి ఎకరం పూర్తిగా నాట్లు పడిందేనని అనుకుందాం.

కాబట్టి 24కి 36కి మధ్య ఉన్న పన్నెండు బస్తాలు ఇప్పుడు 26.5కి 32.5కి మధ్య ఆరు బస్తాలయ్యాయి. సగం తేడా కాటా దగ్గరా కాయితాల దగ్గరా పుట్టింది. మిగిలిన సగమే చేలో పుట్టింది. మనం మాట్లాడుకోవలసింది ఆ ఆరు బస్తాల గురించి.

మిషన్ రాల్చేసిందేమో, చేలోనే పోయిందేమో అని కూడా రాశారు. పడిపోయిన చేలో మిషన్ గింజ రాల్చడం, కొన్ని కంకులు కిందే వదిలేయడం మామూలే. ఎంత పోయిందో ఊహతో చెప్పకండి, లెక్క కట్టవచ్చు. కోత అయిన మర్నాడు మీటరు పొడవు మీటరు వెడల్పు చోటు ఒకటి గిరి గీసి, అందులో రాలిన గింజలు ఏరి లెక్కపెట్టండి. బీపీటీ సన్నగింజ కదా, వెయ్యి గింజలు ఇంచుమించు 15 గ్రాములు తూగుతాయి. చదరపు మీటరుకి వెయ్యి గింజలు దొరికితే ఎకరాకి 60 కిలోలు పోయినట్టు, అంటే బస్తాకి తక్కువే. అదే పది బస్తాలు నేల మీద పోవాలంటే చదరపు మీటరుకి పన్నెండు వేల పైచిలుకు గింజలు పడి ఉండాలి. అంత పడితే లెక్కపెట్టనే అక్కర్లేదు, నేల పసుపు ఆరబోసినట్టు కనిపిస్తుంది, ఊళ్లో కొంగలూ బాతులూ అన్నీ మీ చేలోనే ఉంటాయి. చేలో నాలుగైదు చోట్ల చూడండి, ఒక్క చోట చూస్తే మోసపోతారు. మిషన్ మలుపు తిరిగిన దగ్గర ఎప్పుడూ ఎక్కువ రాలుతుంది. మీ చేలో కొద్దిగానే గింజ కనబడిందని మీరన్నదాన్ని బట్టి బస్తాకి మించి మిషన్ ఖాతాలో వేయలేం.

అసలు దెబ్బ పూత మీద పడింది. బీపీటీ 5204 పంటకాలం 145 నుంచి 150 రోజులు. కోతకి నెల ముందు పూత. జూలై 1న నారు పోస్తే అక్టోబరు 26, 27 ప్రాంతంలో చేను నిండుపూతలో ఉంటుంది. సరిగ్గా 28 రాత్రి నరసాపురం దగ్గర మొంథా తీరం దాటింది. వరి పువ్వు పొద్దున తొమ్మిది పది గంటల వేళ విచ్చుకుని మధ్యాహ్నానికి మూసుకుంటుంది. ఆ రెండు మూడు గంటలూ వాన కొడితే పుప్పొడి కడుక్కుపోతుంది, గింజ కట్టదు. కంకి బయటికి చక్కగానే ఉంటుంది, పొట్టు లోపల ఏమీ ఉండదు. దాన్నే తాలు అంటాం. ఆ పైన చేను పడిపోయింది, ఆకు మీద ఆకు పడి ఎండ తగలలేదు, కట్టిన గింజ కూడా పూర్తిగా నిండలేదు.

బావగారి చేను తొమ్మిది రోజులు వెనక. 28న ఆయనది ఇంకా పొట్టలో ఉంది. కంకి ఆకు తొడుగు లోపల భద్రంగా ఉంది. తుఫాను వెళ్లిపోయి ఎండ కాసిన తర్వాత, నవంబరు మొదటి వారంలో పూతకి వచ్చింది. ఆయన మీకన్నా గొప్పగా సేద్యం చేసి ఉండొచ్చు, చేసి ఉండకపోవచ్చు, ఆ తొమ్మిది రోజులు మాత్రం ఆయన ప్రజ్ఞ కాదు. నారుమడికి నీళ్లు ఆలస్యంగా అందాయనో, ట్రాక్టరు దొరకలేదనో వెనకబడి ఉంటారు. అడిగి చూడండి, నవ్వుతారు.

ఇది కళ్లతో చూడాలంటే గట్టు వారన, మూలల్లో మిషన్‌కి అందని దుబ్బులు ఉంటాయి. పది కంకులు తెంపుకొచ్చి ఒక పళ్లెంలో దూసి, వేలితో నొక్కుతూ గట్టిగింజ ఒక పక్కకి, తాలు ఒక పక్కకి వేయండి. కాస్త ఓపిక కావాలి, ఇంట్లో పిల్లలుంటే వాళ్లకిస్తే ఆడుకుంటూ చేసేస్తారు. నా చేలో కూడా రెండు మడులు ఇలాగే ముందూ వెనకా ఉన్నాయి. నవంబరులో నేను చూసినప్పుడు ముందు మడిలో ఒక కంకికి 186 గింజలుంటే 61 తాలు. వెనక మడిలో 174కి 24 తాలు. అంటే ఒకచోట మూడో వంతు, ఇంకోచోట ఏడో వంతు. మామూలు ఏడాదిలో పది పదిహేను శాతం తాలు ఉండనే ఉంటుంది. నా కంకి లెక్క తెచ్చి మీ చేనుకి అంటగట్టకూడదు గానీ, ఊరికే ఒకసారి చూడండి: నూటికి 86 గింజలు నిండిన చేను 32.5 బస్తాలు ఇస్తే, 67 నిండిన చేను పాతిక బస్తాలు ఇస్తుంది. మీరు తేల్చిన 26.5 దాని దగ్గర్లోనే ఉంది.

ఇక మీ తప్పు. ఒకటుంది, దాచను. "చేను పచ్చగా లేదనిపించి అక్టోబరు 10న ఎకరాకి ఇంకో బస్తా యూరియా వేశాం" అని రాశారు. అంకురం దశలో, అంటే కాడ లోపల కంకి పుట్టేటప్పుడు, వేయాల్సింది సెప్టెంబరు చివరికే అయిపోవాలి. పూతకి పక్షం రోజుల ముందు 45 కిలోల యూరియా పడితే ఆకు లేచి బరువెక్కుతుంది, కాడ మెత్తబడుతుంది. బీపీటీ అసలే కాడ బలం లేని రకం. 1986లో బాపట్ల నుంచి విడుదలైన నాటి నుంచీ దాని అన్నం రుచికి లొంగిపోయి, పడిపోయే గుణాన్ని భరిస్తూ వస్తున్నాం. గాలికి ఇద్దరి చేలూ ఊగాయి, మీది నేల పట్టింది. ఆ యూరియా లేకపోతే పడేది కాదని ఒట్టు వేసి చెప్పను, ఇంత చదునుగా పడుకునేది కాదేమో. పడిన మర్నాడు నీళ్లు తీసేసి, నాలుగైదు దుబ్బులు కలిపి లేపి కట్టించి ఉంటే కొంత నిండేది. కూలీ ఖర్చు చూసి చాలామంది మానేస్తారు, మీరూ మానేశారు. నేనూ నా చేలో అర ఎకరమే కట్టించగలిగాను, మనుషులు దొరకలేదు.

"అయితే వచ్చే ఏడు నేనూ జూలై 10న పోస్తాను" అని మీకు అనిపించి ఉంటుంది. నన్ను అడిగితే వద్దంటాను, ఎందుకో చెబుతాను.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ ఏడాది ముందు పోసినవాళ్లు నవంబరు చివరికల్లా కోసి, అమ్మి, ఇంట్లో కూర్చున్నారు. పది రోజులు వెనకపడ్డవాళ్ల ధాన్యం కోసి చేలో పరిచిన పనల మీదా కుప్పల మీదా ఉండగా వాన మొదలైంది. ఈసారి బావగారిని కాపాడిన ఆ తొమ్మిది రోజులే అప్పుడు ఎన్నో కుటుంబాలను ముంచాయి. తుఫాను మన క్యాలెండరు చూసి రాదు. రెండు తుఫాన్ల మధ్య ఒక తేదీ పట్టుకుని ఇదే మంచిదని చెప్పేవాడిని నమ్మకండి. నేనైతే ఉన్న మూడెకరాల్లో సగం ముందు, సగం వారం వెనక పోస్తాను. ఒక దెబ్బకి రెండూ పోవు. కోత మిషన్‌కి రెండుసార్లు పిలవాల్సి వస్తుందని మా ఇంట్లో సణుగుతారు, సణగనివ్వండి.

మిచౌంగ్ నాటి నా లెక్క ఒకటి చెబుతాను, దిగుబడిని ఒట్టి బస్తాల్లో చూస్తే ఎలా పొరపడతామో దాంట్లో ఉంది. నాకు నాలుగెకరాలు. తుఫాను కబురు వచ్చేసరికి రెండెకరాలు కూలీలతో కోయించి పనల మీద వేసి ఉంది. మిగిలిన రెండూ నిలువు చేను. మూడో తారీకు సాయంత్రం మబ్బు చూసి పనలు కుప్ప వేద్దామని మనుషుల కోసం ఊరంతా తిరిగాను. అందరి పనలూ అందరికీ తొందరే, ఎవరొస్తారు? సగం కుప్ప పడింది, దాని మీద బరకం కప్పాం. మిగతా సగం నీళ్లలో నాలుగు రోజులు నానింది. ఐదో రోజు పన చేత్తో ఎత్తి చూస్తే కంకుల నుంచి తెల్లటి మొలకలు, గోరంత పొడవు, దువ్వెన పళ్లలాగా బయటికొచ్చాయి. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది, ఇడ్లీ పిండి పులిసిన వాసన. నిలువు చేను పడిపోయింది గానీ, నీళ్లు దిగగానే మిషన్ పెట్టి కోయించాం.

అంతా అయ్యాక పనల మడి ఎకరాకి 22 బస్తాలు, నిలువు మడి 25. మూడే బస్తాల తేడా, పోనీలే అనిపిస్తుంది. కానీ పనల మడి ధాన్యంలో మొలక, రంగు మారిన గింజ ఎంత ఉందంటే కొనుగోలు కేంద్రంలో నాణ్యత దగ్గరే ఆగిపోయింది. పాడైన, రంగు మారిన, మొలకెత్తిన గింజ అన్నీ కలిపి నూటికి ఐదుకి మించకూడదని నిబంధన. నాది దాని మూడింతలు. ఆ ఏడాది మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకి 2,183, గ్రేడ్ ఏకి 2,203 రూపాయలు. నిలువు మడి ధాన్యం ఆ ధరకి పోయింది. పనల మడి ధాన్యం బయటివాడికి బస్తాకి ఐదు వందలు తగ్గించి ఇచ్చాను. బస్తాల్లో తేడా నూటికి పన్నెండు, చేతికొచ్చిన డబ్బులో తేడా దాదాపు నలభై. ఎవరైనా "తుఫానులో కూడా 22 పండాయి" అంటే నేను రెండో ప్రశ్న అడిగేది అందుకే: ఎంతకి పోయాయి?

అప్పుడు తెలిసి కూడా చేయలేకపోయిన పని ఒకటుంది. నీళ్లలో పడ్డ కంకుల మీద లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేస్తే మొలక కొంత ఆగుతుంది. తడిసిన ధాన్యం ఎండబెట్టే దారి లేనప్పుడు క్వింటాలుకి కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి ఉంచితే వారం రోజులు గింజ చెడకుండా నిలుస్తుంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రతి తుఫానుకీ చెప్పే మాటే ఇది. ఆ నాలుగు రోజుల్లో ఉప్పు బస్తాలు ఎక్కడ దొరుకుతాయని వెతకడం కన్నా నవంబరులోనే ఒక బస్తా తెచ్చి కొట్టంలో పడేయడం మేలు.

ఇక 42 బస్తాలాయన. ఎంటీయూ 1318 మారుటేరు వరి పరిశోధన కేంద్రం రకం, బాగా పండుతుంది, అబద్ధమని అనను. ఆ 42 ఎన్ని కిలోల బస్తాలు, ఎంత తేమ దగ్గర, ఎన్ని సెంట్లలో, పండిన అన్ని ఎకరాల సగటా లేక బాగా పండిన ఒక్క మడా, ఇవి తెలియకుండా మీ అంకె పక్కన పెట్టుకోకండి. నలభై ఏళ్లలో నేను గమనించింది, ఊళ్లో నోటితో చెప్పే దిగుబడి ఎప్పుడూ మంచి మడిదే. చెడ్డ మడి గురించి మనిషి మరిచిపోతాడు, అబద్ధమాడాలని కాదు. పైగా బీపీటీకి బజారులో సన్నబియ్యం గిరాకీ వేరు. రెండు రకాలని బస్తాల్లో పోల్చడం కన్నా ఎకరాకి చేతికొచ్చిన రూపాయిల్లో పోల్చండి, మిషన్ గంటల ఖర్చు తీసేసి మరీ. పడిన చేను కోయడానికి మీకు ఎకరాకి రెండు గంటలు పైనే పట్టి ఉంటుంది. నిలబడ్డ చేను గంటలో అయిపోతుంది.

రకం మార్చాలా అన్నదానికి నా మాట: ఈ ఒక్క ఏడాది అంకె చూసి మార్చకండి. పూత మీద తుఫాను పడితే ఏ రకానికైనా తాలే. కానీ మీ పొలం లోతట్టు, పక్కన మురుగుబోదె, రెండేళ్లకోసారి చేను పడుతోంది అంటే అది రకం గురించి ఆలోచించాల్సిన విషయమే. ఒక ఎకరంలో కాడ గట్టిగా ఉండే రకం, రెండెకరాల్లో బీపీటీ వేసి చూడండి. అలా పక్కపక్కన పెట్టి చూస్తేనే రకం సంగతి తెలుస్తుంది, ఒకే నేల, ఒకే నీరు, ఒకే చేయి, ఒకే వాన. గట్టు దాటి చూస్తే సగం మనిషినీ సగం అదృష్టాన్నీ పోల్చుతాం.

ఆ రెండు మడుల నుంచి నిజమైన అంకె కావాలంటే కోతకి ముందు రోజు టేపు పట్టుకుని చేలోకి దిగండి. గట్టు వారన కాదు, లోపలికి ఇరవై అడుగులు నడిచి, బాగున్నదనో బాగాలేదనో చూడకుండా అక్కడే ఒక సెంటు కొలవండి. 20 అడుగుల 10 అంగుళాలు నాలుగు పక్కలా పెడితే సెంటు. కొడవలితో కోసి, బరకం మీద నూర్చి, తూర్పారబట్టి, తూచండి. వచ్చిన కిలోలని వందతో గుణిస్తే ఎకరాకి కిలోలు. తేమ అప్పుడే చూపించుకోండి. ఊరి సగటు దిగుబడి తేల్చడానికి ప్రభుత్వం పంటకోత ప్రయోగం చేసేది ఐదు మీటర్ల చదరంలో. అక్కడ వచ్చిన కిలోలని 162తో గుణిస్తే ఎకరా లెక్క. పదిహేను కిలోలు వచ్చిందనుకోండి, 2,430 కిలోలు, 32 బస్తాల పైన.

ఆ ప్రయోగం మీ ఊళ్లో జరిగేటప్పుడు వెళ్లి నిలబడండి. ఫసల్ బీమా (పంటల బీమా) ఉన్నవాళ్లకి వరిలో దిగుబడి నష్టం తేల్చేది ఊరి సగటు మీదే, మీ చేను మీద కాదు. గత ఏడేళ్లలో మెరుగైన ఐదేళ్ల సగటు తీసి, దాన్ని నష్టభయం స్థాయితో (అందులో ఎంత శాతానికి బీమా హామీ ఉందో దాంతో) హెచ్చవేసి ఒక గీత గీస్తారు. ఊరి సగటు దానికన్నా ఎంత తగ్గితే అంత మేరకే చెల్లింపు. అందుకే ఊళ్లో సగం చేలు బావగారిలా తప్పించుకున్న ఏడాది, పోయిన సగం మందికి కూడా ఏమీ రాకపోవచ్చు. కోసి పనల మీద ఉన్న పంటకి మాత్రం వేరే వీలుంది, కోసిన పద్నాలుగు రోజుల లోపు తుఫానుకి పాడైతే 72 గంటల్లో తెలియజేయాలి. మిచౌంగ్ అప్పుడు నేను నాలుగో రోజు వెళ్లాను. ఇన్‌పుట్ సబ్సిడీకి (పంట పోతే ప్రభుత్వం ఇచ్చే సాయం) 33 శాతం నష్టం దాటాలి, ప్రభుత్వ పంట నమోదు ఈ-క్రాప్‌లో మీ పేరు ఉండాలి. భూమి యజమాని పేరు మీద నమోదైందేమో ఇవాళే వెళ్లి చూసుకోండి, కౌలుదారులు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

కౌలు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి తీరాలి. బావగారితో పోల్చుకునేటప్పుడు మిమ్మల్ని నిజంగా కుంగదీస్తున్నది ఆరు బస్తాల తేడా కాదని నా అనుమానం. మీ కౌలు ఎకరాకి పదిహేను బస్తాలన్నారు. ఆయన 36లోంచి ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. మీ 24లోంచి పదిహేను పోతే తొమ్మిది. ఆ తొమ్మిదిలోంచి దుక్కి, నారు, ఎరువు, మిషన్, అప్పు వడ్డీ. మీరు 30 పండించినా ఆయన పక్కన నిలబడలేరు. సేద్యంలో ఎంత తెలివి చూపించినా పూడని గుంట అది, దానికి మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. మీరు చేయగలిగింది, సంక్రాంతి లోపు భూమి యజమానితో కూర్చుని, పైన చెప్పిన లెక్క కాయితం మీద వేసి చూపించడం. "తుఫానుకి పోయిందండీ" అంటే వినరు, ఆ మాట అందరూ అంటారు. కంకులు పది పళ్లెంలో పోసి, తాలు ఒక పక్క గింజ ఒక పక్క పెట్టి చూపించండి. మా ఊళ్లో 2023లో ఇద్దరు ముగ్గురు యజమానులు నాలుగైదు బస్తాలు తగ్గించారు. తగ్గించనివాళ్లే ఎక్కువ.

మీరు విత్తనానికని ఉంచుకున్న మూడు బస్తాల సంగతి చివర్లో అడిగారు. పూతలో దెబ్బతిన్నా, కోతలో వాన తగల్లేదు కాబట్టి మొలకశక్తి ఉండొచ్చు. కానీ పడిన చేను కంకులు నేల తడికి ఆనుకుని ఉంటాయి, బయటికి కనబడకుండా లోపల మొలక కదిలి ఉంటుంది. మే నెలలో వంద గింజలు లెక్కపెట్టి తడిగోనె ముక్కలో చుట్టి, రోజూ నీళ్లు చల్లుతూ వారం ఉంచండి. ఒకసారి కాదు, మూడు బస్తాల్లోంచీ విడివిడిగా తీసి చూడండి. ఎనభైకి తక్కువ మొలిచిన బస్తాని మర ఆడించుకుని తినేయండి.